కాల్చిన ఇసుక

పటాన్‌చెరు ల్యాబులో క్లారా పని ఇసుక కాల్చడం. అంగారక గ్రహం మట్టిని పోలేటట్టు కలిపిన ఎర్ర ఇసుకను ఐదు వందల డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి, జీవం తాలూకు ఆనవాలేదీ మిగలకుండా చేసి, గాజు గొట్టాల్లో పోసి మూత బిగిస్తుంది. ఎప్పుడో ఒకనాడు ఆ గ్రహానికి పంపాలని తయారుచేస్తున్న యంత్రం ఆ ఇసుకలోంచి వచ్చే ఆవిరిని పరీక్షించి, ఏమీ లేదని చెప్పాలి. ఉత్త ఇసుకలోనే ఏదో ఉందనే యంత్రం, రేపు అక్కడ జీవం జాడ దొరికిందంటే ఎవరు నమ్ముతారు?

మూడు వారాలుగా అది ఏదో ఉందనే చెబుతోంది. డైక్లోరోమీథేన్, టోలుయీన్. ల్యాబులో ఆ రెండు ద్రావకాలూ వాడరు. గొట్టాలు మార్చారు, పైపులు మార్చారు. చివరికి ప్రాజెక్టు పెద్ద కృష్ణప్రియ హాజరు పట్టీ తీసి చూసింది. క్లారా సెలవు పెట్టిన నాలుగు రోజులూ ఇసుక శుభ్రంగా ఉంది.

"నేనేం కలపలే మేడం," అంది క్లారా.

"కలిపినవని ఎవరన్నరు? నువ్వుండేది ఎక్కడ?"

"కాజీపల్లిల. మందుల కంపెనీ గోడ పక్కనే మా ఇల్లు. మా ఆయన అండ్లనే పని చేస్తడు."

మరునాడు క్లారా ల్యాబులోనే తలస్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుంది. అయినా యంత్రం తెర మీద ఆ రెండు ద్రావకాల గీతలు లేచాయి. అప్పుడు కృష్ణప్రియ ఖాళీ గొట్టం ఇచ్చి ఊదమంది. ఊదింది. తెర మీద అవే రెండు గీతలు ఎప్పటికన్నా ఎత్తుగా లేచాయి.

"అవి నీ ఊపిరిలనే ఉన్నయి. నీ తప్పు లేదు క్లారా," అంది కృష్ణప్రియ. "కానీ రేపటి నుంచి ఈ గదిలకు రావద్దు. స్టోర్ల చెయ్యి."

"మా ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది మేడం."

కృష్ణప్రియ తల దించుకుని, మరో రెండు గొట్టాలు ఆమె చేతిలో పెట్టింది.

ఇంట్లో ఐదేళ్ల కూతురు గ్రేస్ అది బుడగలాట అనుకుని బుగ్గలు పొంగించి ఊదింది. భర్త దేవదానం నవ్వుతూ ఊదాడు. రెండు రోజులకు కృష్ణప్రియ, ముగ్గురి ఊపిరిలోనూ ఆ ద్రావకాలు ఎంతెంత ఉన్నాయో రాసిన కాగితం ఇచ్చింది. దాని మీద ల్యాబు పేరు లేదు, సంతకం లేదు. "ఇది మన ప్రాజెక్టు లెక్కల్లోకి రాదు," అని మాత్రం అంది. దేవదానానిది అందరికన్నా ఎక్కువ. గ్రేస్‌ది తల్లిదాని కన్నా ఎక్కువ.

దేవదానం ఆ పేర్లు కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇవి మా కాడ డ్రమ్ములల్ల వస్తయి. రోజూ నేనే ఒంపుత," అన్నాడు. "ఇంట్ల వాసన పోయిందనుకున్నం గదనే?"

"వాసన పోలే. మన ముక్కులకే తెల్వకుండ అయింది."

"ఇగ ఏం చేద్దామంటవ్? ఇల్లు ఎవడు కొంటడు? ఇరవై ఏండ్ల పని ఇడిసిపెడితే నాకు ఇంకేం వస్తది?"

మరునాడు క్లారా ఆ కాగితం తీసుకుని కాలుష్యం చూసే ఆఫీసుకు వెళ్లింది. సంతకం లేని కాగితం పనికిరాదన్నారు. ఆ వారమే క్లారా గ్రేస్ బట్టలు సర్ది, పిల్లను తీసుకుని కొండాపూర్ మండలంలోని తన అన్న ఇంటికి చేరింది. అక్కడి నుంచే రెండు బస్సులు మారి ల్యాబుకు వచ్చి, స్టోరులో సీసాలు లెక్కబెడుతోంది. యంత్రం ఇప్పుడు బాగా పనిచేస్తోందని, ఇసుకలో ఏమీ కనిపించడం లేదని అక్కడే విన్నది.

ఆదివారం దేవదానం వచ్చాడు. బోరు దగ్గర రెండుసార్లు ఒళ్లు తోముకుని, దూరంగా అరుగు చివర కూర్చున్నాడు. గ్రేస్ పరుగున వెళ్లి ఒడిలో ఎక్కి, తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని ఊపిరి బిగబట్టాడు.

క్లారా గడపలో నిలబడి ఉంది. పిల్లను పిలవడానికి నోరు రాలేదు.