రేకు పట్టీకి పైన

కుడికాలు పెడలు మీద, ఎడమచేయి కాగితం మీద, ధ్యాస మాత్రం రేపటి మీద. కాగితం పైఅంచును మిషను సందులోకి తోయడం, రేకు పట్టీ ఆనించడం, కాలితో తొక్కడం. టప్. ఒక క్యాలెండరు గోడకెక్కడానికి సిద్ధం.

అచ్చాఫీసు వెనకగదిలో ఆమె ఈ పని చేయబట్టి ముప్పయ్యొక్క ఏళ్లు. అందరూ రేకక్క అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ అవసరం పడలేదు. కుడి పిక్క ఎడమదానికంటే బాగా లావు. పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు మనుషుల దగ్గర చెరొక కాలూ అడిగి తెచ్చుకున్నట్టుంటుంది. చూపుడువేలికి ఎప్పుడూ ఒక గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. తెగినా తెగకపోయినా పొద్దున రాగానే చుట్టేస్తుంది. గాయం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కన్నా ముందే కట్టు కట్టుకోవడం నయమని ఆమె లెక్క.

ఈరోజు వంతు జలపాతానిది. ఒక సైకిళ్ల కొట్టాయన ఏటా అదే బొమ్మ వేయిస్తాడు. కొత్త బొమ్మ దండగ, నీళ్లేమన్నా పాతబడతాయా అంటాడు. మంగలి షాపుల్లో, బిస్కట్ డబ్బాల మీద, పిల్లల పుస్తకాల అట్టల మీద కనిపించే పేరుమోసిన జలపాతమే అది. ఫొటో తీసినాయన మరీ దగ్గరికి పోయి నిలబడ్డాడో ఏమో, పైన కొండా లేదు, ఆకాశమూ లేదు. బొమ్మ మొదలవడమే నీళ్లతో మొదలవుతుంది. ఆ కాస్త మొదలు మీదా రేకక్క బొటనవేలంత వెడల్పు పట్టీ బిగించేస్తుంది. దాంతో ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆ నీళ్లన్నీ ఆమె రేకులోంచే దూకుతున్నాయి.

ఎక్కడినుంచి వస్తున్నాయే ఇవి అని మొదటి ఏడాదే అనిపించింది. ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వే రకం ప్రశ్న అది.

పెళ్లయినప్పటినుంచీ వెళ్దామనుకుంటున్న ఆ జలపాతానికే రేపు తెల్లవారగానే ప్రయాణం. భర్త రంగుల గోడౌనులో స్టోర్‌కీపరుగా చేసి పోయిన నెలే రిటైరయ్యాడు. చేతికింద స్టాకు లేక చేతులు దురద పెడుతుంటే, మూడు వారాలుగా ఈ ప్రయాణం మీద పడ్డాడు. బస్సు మామూలుదే. ఎక్స్‌ప్రెస్ అయితే గంట ముందు చేరుస్తుంది, ఆ గంట అక్కడ ఏం చేసుకుంటాం అన్నాడు. జలపాతం చప్పుడు వినిపించే గదికి ఒక రేటు, వినిపించని గదికి అందులో సగం. నిద్రపోయాక ఎలాగూ వినపడదు కదా అని రెండోదే ఖాయం చేశాడు. ధరలు తగ్గే రోజులేవో కనుక్కున్నాక, ధరలు తగ్గింది నీళ్లు లేకేమోనన్న అనుమానం పట్టుకుని లాడ్జికి మూడుసార్లు ఫోన్ చేశాడు.

"నీళ్లున్నాయా అండీ?"

"జలపాతంలోనా, బాత్రూములోనా?" అని అడిగాడట మేనేజరు.

"రెండూ చెప్పండి" అన్నాడట ఈయన.

టీ వేళకి కటింగ్ మిషన్ ఆపి, మిషనాయన స్టూలు లాక్కుని వచ్చాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

"గోడకేసి చూస్తే అయిపోయేదానికి బస్సెందుకక్కా? మా ఇంట్లో వంటగదిలో ఒకటి, హాల్లో ఒకటి, రెండు జలపాతాలున్నాయి. ఏ టైములో వచ్చినా చూపిస్తా."

"నీ ఇంట్లో జలపాతాల సంగతి నీ పెళ్లాం చెప్పింది లేరా. కప్పు కారుతోందట కదా."

జిగురు పూసే అమ్మాయి కిసుక్కున నవ్వి, "పైదాకా ఎక్కుతారా పిన్నీ? మెట్లున్నాయంట. మా అన్నయ్య వెళ్లాడు. దానికి టికెట్టంట" అంది.

"మీ బాబాయ్ ప్లానులో పైది లేదమ్మా. కిందనుంచి చూడ్డం ఉచితం."

"బావగారు కరెక్టు మనిషి" అన్నాడు మిషనాయన. "మెట్లూ ఎక్కించుకుని, డబ్బులూ తీసుకుంటారా? మనం ఎక్కినందుకు వాళ్లే ఇవ్వాలి."

రేకక్క నవ్వింది. గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ పెడలు దగ్గర కూర్చుంది. ఆ మధ్యాహ్నం రెండు కాగితాలకు పట్టీ వంకరగా పడింది. అలా పడి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. అంతదూరం పోయి, కింద నిలబడి, మెడ ఎత్తి, మళ్లీ బొమ్మలో ఉన్నదే చూసి రావాలి. ఈసారి కాకపోతే ఇంకోసారి అనుకోవడానికి, ఈ ఒక్కసారికే ముప్పయ్యొక్క ఏళ్లు పట్టింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆయన మంచం మీద సంచి సర్ది, పక్కన కాగితం పరిచి కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు.

"సబ్బు ఇంటినుంచే. లాడ్జివాడి సబ్బు మీద ఆధారపడకూడదు."

"పెట్టాను."

"భోజనం రెండు పూటలకి డబ్బాలు. మూడో పూట హోటల్లో."

"సరే." ఆమె గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఏమండీ, పైకి ఎక్కొద్దా?"

"పైకెందుకు? ఆ నీళ్లు ఎలాగూ కిందికే వస్తాయి. మనం ఎదురెళ్లి తీసుకురావాలా?"

ఇంకోరోజైతే ఆమె కూడా నవ్వేసి ఊరుకునేది. ఆరోజు ఊరుకోలేదు.

"నేను ఇన్నేళ్లూ దాని నెత్తిన రేకు కొట్టానండీ. ఎన్ని వేలో నాకే తెలీదు. ఒక్కసారి ఆ రేకు తీసి చూడాలనుంది. అంతే."

గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత చెవి మీంచి పెన్సిలు తీసిన అలికిడి, కాగితం మీద గీత పడిన అలికిడి. చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. 'పడవ, ఒకరికి' అన్న చోట అడ్డగీత. జలపాతం దగ్గరిదాకా తీసుకెళ్లి తడిపి తీసుకొచ్చే పడవ అది. ఆమెకు నీళ్ల మీద భయం కాబట్టి ఒకరికే రాసుకున్నాడు. ఆ కాగితం మొత్తంలో ఆయన తనకోసం రాసుకున్న ముక్క అదొక్కటే.

"పడవ మీకిష్టం కదండీ."

"పడవేముంది, నీళ్ల మీద బస్సు. బస్సెలాగూ ఎక్కుతున్నాం." గీత పక్కన 'పైకి, ఇద్దరికి' అని రాశాడు.

"మరి మీ మోకాలు?"

"దానికి వేరే టికెట్టు అడగరులే."

మర్నాడు మెట్లెక్కడానికి మామూలు మనుషులకు పట్టే సమయానికి రెండింతలు పట్టింది. పది మెట్లకోసారి ఆగి, ఆయన నొప్పి సంగతి ఎత్తకుండా చెట్లను మెచ్చుకున్నాడు. దారిలో ఆయన మెచ్చుకోని చెట్టు లేదు.

పైన పెద్ద హోరేమీ లేదు. గడ్డి మధ్యనుంచి చీలమండల లోతున ఒక వాగు, పనీపాటా లేనట్టు నడిచి వస్తోంది. పరుపుబండ మీద కాస్త వెడల్పైంది. ఇనుప కమ్మీల కిందనుంచి దూరి, నాలుగు బారల అవతల, గీత గీసినట్టున్న ఒక అంచు దగ్గర కనిపించకుండా పోతోంది. అక్కడ తమ భవిష్యత్తేమిటో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి నీళ్లు.

ఆమె కమ్మీ పట్టుకుని ఆ అంచునే చూసింది. సరిగ్గా బొటనవేలంత వెడల్పు.

"ఇక్కడన్నమాట" అంది.

"ఇంతేనా?" అన్నాడాయన.

"ఇంతేనండీ" అంది ఆమె. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత తృప్తిగా ఆమె ఆయనకు ఏ జవాబూ చెప్పలేదు.

జనం కాళ్లు తడుపుకునే, కాస్త లోతున్న చోట ఆయన బండ మీద కూర్చుని, చెప్పులతోనే కాళ్లు మోకాలి దాకా నీళ్లలో పెట్టాడు. కుడికాలి చెప్పు జారింది. ఆయన వంగేలోపు అది కమ్మీ కిందనుంచి దూరి, తొందరేమీ లేకుండా, ఒకసారి గిర్రున తిరిగి, అంచు దాటిపోయింది.

ఇద్దరూ ఆ అంచుకేసి చూశారు.

"చూశావా" అన్నాడాయన, "పడవ షికారు నా చెప్పుకు రాసిపెట్టి ఉంది."

ఆపైన నవ్వు మొదలైంది. స్టాకు తేడా వచ్చినా, రాకపోయినా ఒకేలా ఉండే ఆ మొహం అలా నవ్వగలదని ఆమెకు తెలియదు. కమ్మీ పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనున్నవాళ్లు ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు.

కిందికి దిగాక కొత్త జత కొనక తప్పలేదు. మిగిలిన ఒంటిచెప్పును మాత్రం పేపర్లో చుట్టి సంచిలో పెట్టాడు.

"అదెందుకండీ ఇంకా?"

"జతలో ఒకటి పోయినంత మాత్రాన రెండోది పారేయకూడదు. పుస్తకంలోంచి కొట్టేసేదాకా అది స్టాకే. కొట్టేయాలంటే పైఅధికారి సంతకం కావాలి."

"ఎవరా పైఅధికారి?"

"నువ్వే. ఇంటికెళ్లాక నిదానంగా ఆలోచించు."

పదకొండు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూ ఆయన ఆగిపోయాడు. ఆమె టీ తెచ్చేసరికి కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి, పేపరు ఒళ్లోనే ఉంది. ఎవరినీ ఒక్క మాటతోనైనా ఇబ్బంది పెట్టలేదు.

ఆయన పోయిన మూడు వారాలకు రేకక్క పనిలోకి వచ్చింది. ఆ సంవత్సరపు జలపాతాలు కట్టలు కట్టలుగా ఆమె కోసమే ఆగి ఉన్నాయి. మిషనాయన మొదటి కట్ట విప్పి, ఆమె చేతికందేలా పెట్టి వెళ్లాడు. ఆమె వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, కాగితం తోసి, పట్టీ ఆనించింది. ఇప్పుడు పట్టీకి పైన ఏముందో ఆమెకు తెలుసు. గడ్డి ఉంది, వాగు ఉంది, మోకాలు చల్లబరుచుకుంటూ నవ్వుతున్న మనిషి ఉన్నాడు. చూపించి వెళ్లాడు, అది చాలు అనుకుని కాలు తొక్కింది. టప్.

ఇంట్లో తలుపు పక్కన, చెక్క అర మీద, ఒక ఎడమకాలి చెప్పు ఉంది. మడమ దగ్గర కొద్దిగా అరిగింది. బొటనవేలు ఆనే చోట నల్లటి గుంట. ఆమె ఊడ్చినప్పుడల్లా దాన్ని తీసి, దుమ్ము దులిపి, పక్కన ఇంకోదానికి చోటు వదిలి మళ్లీ అక్కడే పెడుతుంది.