ఎడమ చేతి బలియాలు

పుష్పాబాయికి అబద్ధమాడటం చేతకాదు. యాభై రెండేళ్లు వచ్చాక, అదీ ఒళ్లు బాగాలేని రోజుల్లో, ఆ విద్య కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. నెల రోజులుగా ఆమె రోజూ పొద్దున్నే ఒక అబద్ధాన్ని ఫొటో తీసి ఇద్దరు ఆడవాళ్లకు ఫోన్లో పంపుతోంది.

ఆ ఇద్దరూ ఆమెకు చుట్టాలేం కారు. ఒకరు కోదాడలో జాకెట్లు కుట్టే శిరీష, ఇంకొకరు వేములపల్లిలో గొర్లు మేపుకునే కొమురమ్మ. హైదరాబాద్ దవాఖానలో ముగ్గురివీ వరస మంచాలు. ముగ్గురికీ రొమ్ము క్యాన్సరే. పుష్పాబాయికీ కొమురమ్మకూ ఎడమ పక్క తీసేశారు, శిరీషకు కుడి పక్క. లేచి కూర్చోలేని రోజుల్లో, పక్క మంచానికి వేలాడే డబ్బాలో ఎర్రనీళ్లు ఎంత చేరాయో ఒకరిది ఒకరు చూసి చెప్పుకోవడంతో వాళ్ల స్నేహం మొదలైంది. ఇంతకంటే మంచి చోట మొదలైన స్నేహాలు పెళ్లి భోజనాలు అయ్యేలోపే మరుగున పడటం మనం చూస్తూనే ఉంటాం. వీళ్లది మాత్రం ఇళ్లకు చేరాక కూడా తెగలేదు. మూడు వారాలకోసారి సూర్యాపేట పెద్ద దవాఖానలో కీమో ఎక్కించుకోవడానికి ముగ్గురూ పట్టుబట్టి ఒకే రోజు వేయించుకున్నారు. జుట్టు రాలిపోతున్నప్పుడు ముగ్గురూ కలిసే గుండ్లు చేయించుకున్నారు. శిరీష గుడ్డతో మెత్తలు కుట్టి, బరువు కోసం లోపల ఆవాలు పోసి, జాకెట్లో పెట్టుకోమని ఇచ్చింది. కొమురమ్మ దాన్ని అరచేతిలో ఎగరేసి, "ఓసినీ, చారు పోపుకు కూడా అక్కరకొస్తది" అంటే కీమో గదంతా నవ్వింది.

ఇక ఆ ఫొటోల సంగతి. ఆపరేషన్ అయిన పక్క చెయ్యి బిగుసుకుపోకుండా నర్సమ్మ ఒక పని నేర్పింది. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను చీమల్లా పాకిస్తూ చేతిని పైకి తీసుకుపోవాలి. అందినంత ఎత్తులో ఒక గుర్తు పెట్టుకోవాలి. శిరీష బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతో పెట్టేది. కొమురమ్మ గొర్ల వీపుకు పూసే ఎర్ర రంగుతో, పుష్పాబాయి బొగ్గుతో. పొద్దున్నే ముగ్గురి గోడలూ ఫోన్లో కలుసుకునేవి. దామరచర్ల పక్క తండాలో పుష్పాబాయి గోడ మీద బొగ్గు గుర్తు రోజూ ఒక వేలెడు పైకి పోతోంది. అదే అబద్ధం. నెల రోజులుగా ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. ఆ గుర్తులు కుడి చేత్తో పెట్టినవి.

ఎందుకు అంత తిప్పలంటే, ఆ ఎడమ చేతికి ఆమె మళ్లీ బలియాలు తొడుక్కుంది.

బలియాలంటే లంబాడీ ఆడవాళ్లు మోచేతి పైన వరసగా తొడుక్కునే తెల్లటి వెడల్పు గాజులు. పెళ్లినాడు ఎక్కుతాయి. మొగుడు పోయిననాడే దిగుతాయి. ఈ కాలం పిల్లలు వాటిని పట్టించుకోవడం లేదు గానీ, పుష్పాబాయి పద్దెనిమిదో ఏట తొడుక్కున్నవి ముప్పై నాలుగేళ్లు ఒంటి మీద నుంచి తీయలేదు. ఆపరేషన్ ముందురోజు నర్సమ్మ సబ్బు నురుగు పెట్టి రెండు చేతులవీ లాగేసింది. చంకలో గడ్డలు కూడా తీస్తారనీ, ఇక జీవితాంతం ఎడమ చేతికి సూది గానీ బీపీ పట్టా గానీ బిగుతు గాజు గానీ పనికిరావనీ, నీరు చేరితే చెయ్యి పాడైపోతుందనీ ముగ్గురికీ కలిపి పదిసార్లు చెప్పింది. బలియాలు మూటగా తలగడ కింద పెట్టుకుని ఇంటికి తెచ్చిన పుష్పాబాయి వాటిని ట్రంకుపెట్టె అడుగున దాచింది.

నలభై రోజులకు ఆమె భర్త బాల్యా, మిర్యాలగూడలో ఎవరిదో ఇల్లు కడుతుంటే సెంట్రింగ్ చెక్కల మీద నుంచి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. బాల్యా చెడ్డవాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. భార్య వార్డులో ఉన్న పదకొండు రోజులూ దవాఖాన బయట వరండాలో అట్టముక్క పరుచుకుని పడుకున్న మనిషి. కానీ భయస్థుడు. కట్టు కట్టించుకుని దవాఖాన మంచం మీద పడుకున్నప్పుడు ఆయన చూపు ఆమె చేతుల మీద పడింది.

"నీ చేతులు బోసిగున్నయి పుష్పా. నాకు భయమైతాంది. నేను బతకనేమో" అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి, పెట్టె తెరిచి, కొబ్బరినూనె రాసుకుని కుడి చేతికి తొమ్మిది ఎక్కించింది. ఎడమ చేతికి అప్పటికే కాస్త వాపు ఉంది. పళ్లు బిగబట్టి తోస్తే ఐదే పట్టాయి. ఎండ తగులుతోందని చెప్పి, శిరీష చేతనే మణికట్టు దాకా వదులు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. వారానికల్లా ఆ ఐదూ కదలడం మానేశాయి. గాజుకూ గాజుకూ నడుమ కండ ఉబ్బింది. తీద్దామంటే రావు. వచ్చినా తీసే ధైర్యం ఆమెకు లేదు. బాల్యా రోజూ ఒకసారి ఆమె జాకెట్టు చేతుల మీద నుంచి తడిమి చూసుకుని స్థిమితపడేవాడు.

అంతకుముందు కీమోకు జాకెట్టు చేతులు దించుకుని గట్టెక్కింది గానీ, వాపు పెరగడంతో మొన్నటి కీమోకు ఆమె సూర్యాపేట పోలేదు. అక్కడి నర్సమ్మ చెయ్యి చూస్తుంది కదా. బాల్యా కాలికి కట్టు మార్చాలని ఫోన్లో ఇంకో అబద్ధం చెప్పింది. ఆ మర్నాడు పొద్దున పది గంటలకు తండాలో వాళ్ల ఇంటి ముందు ఆటో ఆగింది. కొమురమ్మ, శిరీష దిగారు.

బాల్యా వసారాలో మంచం మీద ఉన్నాడు. కొమురమ్మ ఆయన్ను పలకరించి, నేరుగా లోపలికి పోయి గోడ ముందు నిలబడింది.

"నా గొర్రె కాలిరిగితే ఒకనాడు మంచిగ నడుస్తది, ఒకనాడు కుంటుతది. నీ చెయ్యేందే, దినాం ఏలెడు ఏలెడు పెరగబట్టె?" అంది.

పుష్పాబాయి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నీ కొలతలు నా బుక్కులో ఉన్నాయక్కా" అంది శిరీష. "నిన్నటి గుర్తు దర్వాజా దాటి పైకి పోయింది. పీట ఎక్కితే తప్ప నీకు అందదు. ఏదీ, ఆ చెయ్యి ఎత్తు చూద్దాం."

పీట ఎక్కిన మాట నిజమే. కొత్తగా అబద్ధం నేర్చినవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదు. పుష్పాబాయి చెయ్యి ఎత్తలేదు. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. శిరీష జాకెట్టు చేతిని పైకి జరపబోతే మోచేతి దగ్గరే ఇరుక్కుంది. సంచీలోంచి చిన్న కత్తెర తీసి, తాను వేసిన కుట్టును తానే విప్పుకుంటూ పోయింది. భుజం దాకా విప్పి ఆగిపోయింది.

"అమ్మో" అంది. "దీన్ని దాచడానికా అక్కా నాతో కుట్టించుకున్నావు?" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెయ్యి ఎర్రగా ఉంది. చర్మం నిగనిగలాడుతోంది. తెల్లటి బలియాలు కండలోకి దిగిపోయి, వేళ్ల కొసలు నీలంగా మారాయి. కొమురమ్మ చేత్తో తాకి వెంటనే వెనక్కి తీసుకుంది.

"కాలిపోతాంది. జరమెప్పటి సంది?"

"రాత్రి సంది" అంది పుష్పాబాయి.

ఎర్రబడి జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దని నర్సమ్మ చెప్పిన మాట ముగ్గురికీ గుర్తుంది. "దవాఖానకు పోదాం పదండి" అని శిరీష లేచింది. కొమురమ్మ ఆ వేళ్ల కొసలు చూసి తల అడ్డంగా ఊపింది. మిర్యాలగూడ దాకా గతుకుల్లో పోయేలోపు ఏమైనా అవుతుందని ఆమె భయం. ముందు ఇవి తెగాలి, తర్వాతే ఆటో.

వాళ్ల మాటలు వసారాలోకి వినిపించాయి. "బలియాలు కొయ్యొద్దు!" అని బాల్యా కేక వేశాడు.

పుష్పాబాయి తన ఎడమ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంది. అప్పటిదాకా ఆయన ఆ చేతిని జాకెట్టు మీద నుంచే చూశాడు. ఇప్పుడు బయటపడ్డ చేతిని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"కుడి చేతికి ఉన్నయి గద తమ్మీ. అవి ఉండనియ్యి" అంది కొమురమ్మ.

"ఒక్క చేతికి ఏసుకునేది మా దాంట్ల లేదక్కా" అన్నాడు బాల్యా.

బాల్యా పనిసంచీ గూట్లోనే ఉంది. పుష్పాబాయి అందులోంచి ఇనుప చువ్వలు కోసే హాక్సా బ్లేడు తీసి ఆయన ముందు పెట్టింది.

"నువ్వు కొయ్యి. నువ్వే కోస్తే ఎవలేమంటరు? నువ్వు బతికుండే కోసినవంటరు."

ఆయన చేతులకు ఏ దెబ్బా తగల్లేదు. కావాలంటే కోయగలడు. బ్లేడు వైపు చూశాడు. "నాతోని కాదు పుష్పా" అని చేతులు దుప్పట్లోకి లాక్కున్నాడు.

శిరీష బ్లేడు తీసుకుంది. ఆమెకు ఆపరేషన్ అయింది కుడి పక్క. రెండుసార్లు రాసేసరికి పట్టు సడలి బ్లేడు జారింది. ఇక మిగిలింది కొమురమ్మ. ఆమె కుడి చేతిలో గొర్లను ఒడిసిపట్టే సత్తువ ఇంకా ఉంది. ఆమె చెయ్యి చాపింది.

అప్పుడు బాల్యా వాళ్ల భాషలో మాట్లాడాడు. వచ్చినవాళ్లకు అర్థం కాకూడదని లంబాడీలో అన్నాడు. మొగుడు చచ్చినదాని చెయ్యి అది, దానితో కోయించుకోకు, నన్ను చంపకు అన్నాడు.

కొమురమ్మ భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"నువ్వేమంటున్నవో నాకెర్కనే తమ్మీ. ఏ బాసల అన్నా గదే మాట" అంది.

పుష్పాబాయి ముఖం ఎర్రబడింది. భర్తకు తెలుగులోనే జవాబు చెప్పింది, అందరికీ వినబడేలా.

"వార్డులకు మొగోళ్లను రానియ్యకపోతే నువ్వు బయట పండుకున్నవ్. లోపట మత్తుల కక్కుకుంటుంటే నా నోరు కడిగింది ఈ చెయ్యే. నీళ్లు తాపింది ఈ చెయ్యే. ఈమె కుట్లు మానకముందే నన్ను లేపి నడిపిచ్చింది. నేను బతికింది ఈ చేతి మీదనే. నీ బతుకు ఈ చేతిల పోతదంటే పోనీ." అనేసి, అన్న మాటకు తానే వణికిపోయింది. తర్వాత ఉబ్బిన చేతిని కొమురమ్మ ఒళ్లో పెట్టింది. "కొయ్యి అక్కా."

కొమురమ్మ ఒక్క క్షణం కళ్లు తుడుచుకుంది. బలియాకూ చర్మానికీ నడుమ కత్తెర పిడి దూర్చి, చర్మం తెగకుండా తడిగుడ్డ కుక్కి, బ్లేడు ఆనించింది. శిరీష పుష్పాబాయి భుజం పట్టుకుంది. తెల్లటి పొడి రాలుతోంది. మొదటిది తెగడానికి చాలాసేపు పట్టింది. పుష్పాబాయి కేక వేయకుండా కొంగు నోట్లో పెట్టుకుంది. రెండోది, మూడోది తెగాయి. నాలుగో దానికి కొమురమ్మ నుదుటి చెమట కారి బ్లేడు మీద పడింది. ఐదోది పుటుక్కున విరిగి మంచం కిందికి దొర్లిపోయింది.

ముగ్గురూ ఒకేసారి బాల్యా వైపు చూశారు. ఇలాంటివి నమ్మననుకున్న శిరీష కూడా చూసింది.

బాల్యా కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని, కొట్టుకుంటోందో లేదో వింటున్నాడు.

పుష్పాబాయి ఆ చేతినే చూసింది. ముప్పై నాలుగేళ్ల కాపురం. ఒక రొమ్ము పోయింది, ఒక చెయ్యి పోబోయింది, ఆయన చెయ్యి మాత్రం ఆయన గుండె మీదే ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. మరుక్షణమే జాలి కూడా వేసింది. ఆ జాలికి తన మీద తనకే కోపం వచ్చింది.

బాల్యా కళ్లు తెరిచాడు. భార్య తననే చూడటం గమనించాడు. చెయ్యి గుండె మీద నుంచి జారిపోయింది.

"ఉన్నవా తమ్మీ?" అంది కొమురమ్మ.

"ఉన్నక్కా" అన్నాడు తల దించుకుని.

"ఉంటవు. ఇగ దీన్ని గూడ ఉండనియ్యి."

ఆటో హారన్ కొట్టింది. శిరీష ఆ చేతిని తన చున్నీలో పెట్టి గుండెకు ఎత్తుగా కట్టింది. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని పుష్పాబాయిని లేపారు. వసారా దాటుతుంటే వెనక నుంచి బాల్యా పిలిచాడు. ఆయన మంచం మీద నుంచి సగం లేచి, కట్టిన చేతి వైపు మొదటిసారి నిటారుగా చూస్తున్నాడు.

"నొప్పున్నదా పుష్పా?"

నెల రోజులుగా ఎవరడిగినా ఆమె లేదనే చెప్పింది. ఫోన్లో శిరీషకు లేదంది, కొమురమ్మకు లేదంది. ఈయనైతే ఇన్నాళ్లూ అడగనే లేదు.

"ఉన్నది" అంది పుష్పాబాయి. "శానా ఉన్నది. నెల దినాల సంది ఉన్నది."