కుంటలో బాతులు

రెండో వాయి స్కోన్లు, టీలోకి తినే ఆ చిన్న గుండ్రటి రొట్టెలు, పొయ్యిలోంచి తీసేసరికి తొమ్మిదీ ఇరవై. పొద్దుటి స్మోకోకి, అదే షెడ్డువాళ్ళ టీ విరామానికి, ఇంకా పది నిమిషాలుంది. తొమ్మిదిన్నర కొట్టగానే ఉన్ని షెడ్డులో కత్తిరింపు మరలు ఆగుతాయి, పదకొండు మంది టీ కోసం తల తిప్పుతారు, నిమిషం ఆలస్యమైతే మొహాలు గంటు పెట్టుకుంటారు. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం, మూడింటికి మళ్ళీ స్మోకో. కత్తిరింపు సాగే పది రోజులూ ఇదే వరస. గొర్రె బొచ్చు తీసేవాడికి కూలి ఉంది, నేల ఊడ్చేవాడికి ఉంది, గొర్రెల్ని తోలుకొచ్చిన కుక్కకి ఎముక ఉంది. అందరికీ వండిపెట్టే ఇంటావిడ గ్లెనిస్‌కి మాత్రం "స్కోన్లు అదిరాయమ్మా" అన్న మాటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాటతోనే కడుపు నింపుకుంటోంది.

ఆమె పళ్ళెం పట్టుకుని షెడ్డు మెట్టు దగ్గరికి రాగానే లోపల ఎవడో ఒకడు "కుంటలో బాతులు!" అని అరుస్తాడు. ఆడమనిషి వస్తోంది, నోళ్ళు కడుక్కోండర్రా అని దానర్థం. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు అత్తగారు యూనా నేర్పింది. "ఆ కేక వినగానే లోపలికి పోకమ్మాయ్. మెట్టు మీద ఆగి పది లెక్కపెట్టు. అది మగాళ్ళ చోటు, వాళ్ళ మాటలు వాళ్ళని ముగించుకోనీ." చేతుల్లో వేడి పళ్ళెం, మోచేతికి వేలాడే టీ కెటిలూ ఉన్నా గ్లెనిస్ ఆగేది. ఎండైనా వానైనా పది లెక్కపెట్టేది. అది చిన్నతనమని ఎప్పుడూ అనిపించలేదు, అలవాటైన బరువు బరువనిపించదు కదా.

ఆ రోజు కేక వినబడలేదు. లోపల మొగుడు ఎర్రోల్ ఫోను చూసి ఏదో పైకి చదువుతున్నాడు, అందరూ చెవులు అటు పడేసి ఉన్నారు. రెండు ముక్కలు వినగానే గ్లెనిస్‌కి తెలిసిపోయింది. అవి తన వాక్యాలు.

"'గొర్రెల మధ్య బతుకుతున్నానే గానీ, పదకొండేళ్ళుగా నాకు గొర్రెమాంసం సయించదు. ఆదివారం నా పళ్ళెంలోది కుక్కే తింటుంది.'"

"ఏంటయ్యా ఎర్రోల్, ఇంటావిడే నీ సరుకు ముట్టదా!" అన్నాడు డెస్. అందరిలోకీ పాతకాపు, ఎద్దులా నవ్వుతాడు.

"ఆగండర్రా, ఇది వినండి. 'రోజూ నాలుగింటికి కుంట పక్కన కారాపి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటాను. ఆ కాసేపూ నేను ఎవరి మనిషినీ కాదు.'"

మళ్ళీ నవ్వులు. అప్పుడు ఎవరో ఆమెను చూసి, ఆలస్యంగా, "కుంటలో బాతులు!" అన్నారు. ఫోను జేబులోకి పోయింది. గ్లెనిస్ పళ్ళెం బల్ల మీద పెట్టింది, కప్పుల్లో టీ పోసింది, డెస్‌కి మూడు చెంచాల చక్కెర మర్చిపోకుండా వేసింది. ఒళ్ళంతా మండిపోతోంది.

ఆ వాక్యాలున్న పేజీ నాలుగేళ్ళ కిందటిది. టౌను లైబ్రరీలో కంప్యూటర్ నేర్పుతుంటే, ఇంటర్నెట్‌లో తనకంటూ ఒక పేజీ పెట్టుకుని స్కోన్ల తయారీ రాసింది. వంటకం అయిపోయాక కింద బోలెడు ఖాళీ కనిపించింది. అక్కడ ఒక వాక్యం రాసింది, మర్నాడు ఇంకొకటి. వంట కోసం వచ్చినవాళ్ళు వంట చూసుకుని పోతారనుకుంది. డెస్ భార్య స్కోన్ల కోసమే వెతుకుతూ వచ్చి, కిందికంటా చదివేసి, ఎర్రోల్‌ చెవిన వేసింది.

"సరదాకి చదివాంలేవే, దానికింత మొహం మాడ్చుకోవాలా?" అన్నాడు ఎర్రోల్ భోజనాల దగ్గర. "అయినా ఊరంతా చూసేచోట రాసింది నువ్వేగా!"

ఆ మాటే గుచ్చుకుంది, నిజం కాబట్టి. సాయంత్రానికల్లా పేజీ మొత్తం తీసేద్దామని తీర్మానించుకుంది. తీసేస్తే ఇంక రాయనని కూడా తెలుసు. ఆ ఇంట్లో ఆమెకి మరో చోటు లేదు.

ఖాళీ కప్పులు తెచ్చిన కెరిన్ ఆ సంగతి విని కస్సుమంది. షెడ్డులో ఉన్ని నాణ్యత చూసి వేరుచేసేది ఆ పిల్లే, అక్కడ పనిచేసే ఒకే ఒక్క ఆడది. ఆ పిల్లని మాత్రం వాళ్ళు తమలో ఒకరిగానే లెక్కేసి, ఏ కేకా వెయ్యరు.

"తీసేస్తే మర్యాద దక్కదు గ్లెనిస్! శుక్రవారం శుక్రవారం నేనుండే కారవాన్ బండిలో కూచుని రెండేళ్ళుగా చదువుతున్నా. ఇల్లెందుకు పడగొట్టడం? తలుపేసుకో చాలు. పాస్‌వర్డ్ పెట్టెయ్."

మధ్యాహ్నం రొట్టె పిండి పొంగేలోపు గ్లెనిస్ తనే ఎక్కడో చూసి ఒకటి తగిలించింది. పని ముగించుకొచ్చిన కెరిన్ ఆ పేజీ వెనకున్న కోడ్ రాతంతా తెరిచి చూపించి పకపకా నవ్వింది. పాస్‌వర్డ్ అక్కడే, నిగనిగలాడుతూ, ఎవరైనా చదువుకునేలా ఉంది.

"తాళంచెవి తలుపు పక్కన మేకుకి తగిలించావు కదా!"

"మా పనిముట్ల గదిది అక్కడే ఉంటుందిగా," అంది గ్లెనిస్, తనకీ నవ్వాగక. ఆ ఇంటికైతే తాళంచెవే లేదు. కార్ల తాళాలు కార్లలోనే ఉంటాయి.

ఈసారి ఇద్దరూ కూచుని సరిగ్గా చేశారు. పాస్‌వర్డ్ పేజీలో ఉండదు. గుర్తుపట్టలేనట్టు మార్చేసి వేరే ఫైల్లో దాస్తారు. అది సరిపోతే తప్ప పేజీ బయటికే రాదు. "ఇప్పుడు నీ పాస్‌వర్డ్ కొట్టు," అని కెరిన్ అది చూడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకుంది. గ్లెనిస్ వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. ఈ ఇంట్లో తన కోసం ఎవరైనా అలా మొహం తిప్పుకోవడం ఇదే మొదలు. కళ్ళు చెమర్చాయి. సంతోషంతోనే చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే ఎర్రోల్ ఫోను పట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చాడు. "ఏంటిది, పాస్‌వర్డ్ అడుగుతోంది? మా తాత నాటి నుంచీ ఈ ఇంట్లో తలుపుకి గొళ్ళెం పెట్టిన పాపాన పోలేదు. మొగుడి దగ్గర దాపరికమా?"

"మీ షెడ్డుకుందిగా."

"దానికెక్కడిది తాళం?"

"నేనొస్తుంటే అరుస్తారే, అదీ."

"అది మర్యాదే తల్లీ! నీ చెవిన బూతులు పడకూడదని."

"నాదీ మర్యాదే ఎర్రోల్. నీ చెవిన పడకూడనివి నాకూ కొన్నుంటాయి."

అతను స్కోనొకటి తీసుకుని పోయాడు.

కత్తిరింపు ఆఖరి రోజు. మూడింటి స్మోకోకి ఇంకా అయిదు నిమిషాలుంది. పళ్ళెం సిద్ధంగానే ఉంది గానీ, గ్లెనిస్ దాన్ని ఎత్తలేదు. వంటింటి బల్ల మీదే ఉంచి, "కావాలంటే వచ్చి పట్టుకెళ్ళమను" అని కెరిన్‌తో కబురంపింది. టీ పోసుకుని, కంప్యూటర్ తెరిచి, నిన్న సగంలో ఆపిన వాక్యం అందుకుంది. చాలా హాయిగా ఉంది.

వరండా మీద బరువైన బూట్ల చప్పుడు. ఎర్రోల్‌వే. గ్లెనిస్ తల ఎత్తకుండానే గొంతెత్తింది.

"కుంటలో బాతులు!"

బూట్లు ఆగిపోయాయి. షెడ్డు వైపు నుంచి డెస్ ఎద్దు నవ్వు వినిపించింది. తలుపు బార్లా తెరిచే ఉంది, అయినా ఎర్రోల్ గడప దాటలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు.

అతను పదికి చేరాడు. గ్లెనిస్ వాక్యానికింకా రెండు మాటలు మిగిలున్నాయి. అవి రాసుకున్నాకే రమ్మంది.