పండబెట్టిన గుండె

ఐసుగడ్డకు అంటిన ఊకను అరచేత్తో తుడిచి, గట్టయ్య దాన్ని సుత్తితో చిన్నచిన్నగా కొట్టసాగాడు. ఎండలో సైకిల్ మీద మోసుకొచ్చాడేమో, ఖాకీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. మధ్యమధ్య సుత్తి ఆపి రొమ్ము రుద్దుకుంటున్నాడు.

వరంగల్‌లో చేతిమగ్గం మూలపడ్డాక సుబేదారి దగ్గర ఒక పరిశోధనశాలలో అటెండరుగా చేరిన మనిషి. సన్నటి వేళ్లు, వంగిన నడుము, నవ్వబోయి ఆగిపోయినట్టుండే మొహం. డాక్టర్ రాజేశ్వర్ రావు కుందేలు గుండెను బయటికి తీస్తే, దాని పెద్ద రక్తనాళాన్ని గాజుగొట్టానికి దారంతో కట్టేది గట్టయ్యే. పైన వేలాడే సీసాలోంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు ఆ గొట్టం గుండా దిగితేనే గుండె కొట్టుకుంటుంది. సీసా ఖాళీ కాకుండా చెంబుతో పోస్తూ ఉండడమూ అతని పనే.

అది 1979 వేసవి. ఐసులో ఉంచిన గుండెను గంటల తర్వాత మళ్లీ కొట్టించగలమా అన్నది డాక్టరు పరీక్ష. ఒకరి గుండెను తీసి ఇంకొకరికి అమర్చేదాకా చెడకుండా ఉంచడానికి పనికొస్తుందట. నిద్రపుచ్చినట్టే కాబట్టి గట్టయ్య దాన్ని ‘పండవెట్టుడు’ అంటాడు. ఇప్పటివరకు పండబెట్టినవాటిలో ఒక్కటీ లేవలేదు. వాటిని గోడ వెనక పూడ్చి వచ్చిన రోజు అతనికి అన్నం సయించేది కాదు. ఒక్కటైనా లేస్తే చూడాలని అతని ఆశ.

"పొద్దుగాల నిన్ను లేపేసరికే వదినెకు తలపానం తోకకొస్తదట. నువ్వు కుందేలును లేపుతవా గట్టన్నా?" అంది ఊడ్చే మొగిలమ్మ.

"నన్ను లేపుడే కష్టం" అన్నాడు గట్టయ్య.

పొద్దున ఐసులో పండబెట్టిన కుందేలు గుండెను మధ్యాహ్నం బయటికి తీశారు. గట్టయ్య దాన్ని గొట్టానికి కట్టి ముడి బిగించాడు. సీసా నిండా నీళ్లు పోసి, చెంబు మళ్లీ నింపి బల్ల మీద పెట్టాడు.

"గట్ల చెమటలేంది గట్టయ్యా?" అన్నాడు డాక్టరు, గుండె మీంచి చూపు తిప్పకుండానే.

"గ్యాస్ సార్. జర పండుకుంట. అది లేస్తే నన్ను లేపుండ్రి."

వసారాలో బెంచీ మీద ఒరిగాడు. కొంతసేపటికి గుండె ఒక మూల అదిరింది. మళ్లీ అదిరింది. తర్వాత నిదానంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు కళ్లు చెమర్చాయి.

"గట్టయ్యను పిలువు" అన్నాడు.

మొగిలమ్మ వెళ్లి భుజం కుదిపింది. "గట్టన్నా, నీ కుందేలు లేచింది. లే."

అతను పలకలేదు. ఈ మొద్దునిద్ర ఎప్పుడూ ఉండేదేగా అనుకుని ఇంకా గట్టిగా కుదిపింది. చెయ్యి బెంచీ మీంచి జారి వేలాడింది. అప్పుడు కేకేసింది.

డాక్టరు పరుగున వచ్చి రొమ్ము మీద చేతులు పెట్టి నొక్కాడు. చాలాసేపు నొక్కినా గట్టయ్య లేవలేదు. పొద్దున్నుంచీ రక్తం అందక అవస్థపడింది అతని గుండె, గ్యాస్ కాదు.

లోపల కుందేలు గుండె కొట్టుకుంటూనే ఉంది. సీసాలో నీళ్లు సగానికి దిగాయి. పక్కన బల్ల మీద, మళ్లీ పోయడానికి గట్టయ్య నింపిపెట్టిన చెంబు.