దొరకి మూడో పూట తిండి

వాచీలు బాగుచేసే ఆయనకి పిల్లల్లేరు. ఇంట్లో ఉండేది ఆయనా, భార్యా, దొరా. దొరంటే కుక్క. రెండు నెలల పిల్లప్పుడు ఎవరో చెప్పుల పెట్టెలో పెట్టి తెచ్చిస్తే, అందులోంచి తల బయటపెట్టి ఇల్లంతా తన పేరు మీదే ఉన్నట్టు ఒకసారి కలయజూశాడట. అప్పట్నుంచీ దొరే.

ఇంటి ముందుగదే కొట్టు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల మీదకి వంగితే, దొర బల్ల కింద దూరి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేవాడు. ఐదేళ్ళు అలాగే గడిచాయి. రోజుకి మూడు వందల గ్రాముల పొడి గింజల ఫుడ్డు, పొద్దున సగం, సాయంత్రం సగం, ఆయనే కొలిచి గిన్నెలో పోసేవాడు. ఆ పని భార్యకి కూడా వదిలేవాడు కాదు.

అలాంటింట్లోకి బావమరిది వచ్చాడు. కాపురం చెడి, రెండు బట్టల సంచులతో అక్క దగ్గరికి చేరాడు. మాంసం కోసి ప్యాక్ చేసే కోల్డ్ స్టోరేజీలో అతని ఉద్యోగం. సాయంత్రం ఐదున్నరకి ఇంటికొచ్చేటప్పుడు చేతిలో చిన్న పొట్లం ఉండేది. కొవ్వు తీసేసిన పచ్చిమాంసం ముక్కలు. మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే దొరకి పెట్టేవాడు.

వారం తిరక్కుండానే ఐదుంపావుకల్లా పాదాల మీద బరువు పోవడం మొదలైంది. దొర లేచి వెళ్ళి గుమ్మంలో కూర్చునేవాడు. చెవులు నిక్కించి వీధి మలుపు వైపే చూపు. ఆయనకి చేతిలో స్క్రూ జారిపోయేది.

రెండు నెలలు ఓర్చుకుని, ఒకరోజు గింజల సంచి తెచ్చి బావమరిది ముందు పెట్టాడు.

"ఇది చూడు. ప్రోటీన్ ఇరవై ఎనిమిది శాతం. నీ మాంసంలో ఎంతోయ్?"

"పచ్చిదాంట్లో ఇరవై దాకా ఉంటుంది బావా."

"మరి? ఎనిమిది తక్కువ. నువ్వు వాడికి మేలు చేస్తున్నాననుకుంటున్నావు."

బావమరిది సంచి మీది అంకెల్ని మరోసారి చదువుకుని పక్కన పెట్టాడు. ఆయన గెలిచాననుకున్నాడు కానీ, ఆ గెలుపు దొరకి తెలియదు కదా. పొట్లం చప్పుడవగానే ఆయన కాళ్ళు దాటుకుని వెళ్ళిపోయాడు.

"కుక్క విషయంలో కూడా కుళ్ళుకోవాలా?" అంది భార్య నవ్వుతూ.

"నాకేం కుళ్ళు? వాడి ఆరోగ్యం గురించి చెప్తున్నా."

కుళ్ళే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఒక ఆదివారం ఇంట్లో ఎవరూ చూడటంలేదనుకుని, వరండాకి ఆ చివర బావమరిది పేపరు చదువుకుంటుంటే ఈ చివర నిలబడి "దొరా" అని మెల్లిగా పిలిచాడు. బావమరిది పిలవనైనా లేదు. దొర ఆయన్ని చూశాడు, తోక రెండుసార్లు ఊపాడు, వెళ్ళి పేపరు కింద పడుకున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత పదిరోజులకి గింజల డబ్బాలో పాత కప్పు కనబడలేదు. దాని బదులు చిన్న కప్పు ఉంది.

"ఇదేంటి?"

"రోజుకి రెండు వందల గ్రాములు చాలట" అంది భార్య, వంటింట్లోంచి తల తిప్పకుండా.

"చాలట అంటే? ఎవరన్నారు?"

"ఎవరో ఒకరు. మాంసం కూడా తింటున్నాడుగా."

ఆయనకి ఒళ్ళు మండింది. అక్కాతమ్ముడూ కలిసి తన చేతి తిండి తగ్గించి వాడి చేతి తిండి పెంచుతున్నారన్నమాట. మధ్యాహ్నం భార్య కునుకు తీసే వేళ, పక్క సందులోని మాంసం కొట్టుకి వెళ్ళి, "కుక్కకి. బాగా ఇష్టంగా తినేది ఇవ్వు" అన్నాడు. కొట్టతను కొవ్వు పట్టిన ముక్కలు ఏరి, కాస్త కార్జం వేసి ఇచ్చాడు.

ఇంటి వెనక గోడ పక్కన దొర ఆ పొట్లాన్ని కాగితంతో సహా తినేయబోయాడు. తిన్నాక ఆయన వేళ్ళన్నీ నాకాడు. ఆ సాయంత్రం ఐదుంపావుకి పాదాల మీద బరువు కదల్లేదు. ఆయన లోలోపల ఎంత పొంగిపోయాడో చెప్పలేం. బాగుచేస్తున్న వాచీని పక్కన పెట్టి, కాళ్ళు కదపకుండా అరగంట అలాగే కూర్చున్నాడు.

దాంతో అది రోజూ జరిగే పనైంది.

"దొర సగం వదిలేస్తున్నాడు బావా" అన్నాడు బావమరిది ఒకరోజు, చేతిలో మిగిలిన ముక్కలు చూసుకుంటూ. "నలతగా ఉన్నాడేమో."

"మొహం మొత్తి ఉంటుంది" అన్నాడు ఆయన. బావమరిది మొహం వాడిపోవడం చూసి ఆయనకి సంతోషమేసింది. కాసేపటికి సిగ్గేసింది కూడా. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాడు.

మధ్యాహ్నపు పొట్లాలు మొదలైన ఐదో వారంలో దొర పొద్దున లేవలేదు. రాత్రి తిన్నదంతా కక్కి, విరేచనాలు పెట్టుకుని, వీపు విల్లులా వంచి మూలకి నక్కాడు. పొట్ట తాకితే మూలిగాడు.

"అంతా నీ పచ్చిమాంసం పుణ్యమే" అన్నాడు ఆయన బావమరిదితో, భార్య ముందే. "ఐదేళ్ళు చీమ కుట్టకుండా పెంచాను. నువ్వొచ్చావు, ఇలా అయింది."

బావమరిది దొరని దుప్పట్లో ఎత్తుకుని ఆటో ఎక్కాడు. ఆయనా, భార్యా వెనకే ఎక్కారు.

డాక్టరమ్మ దొర పొట్ట నొక్కి చూసింది, రక్తం తీసింది, తూకం వేసింది. నెలన్నరలో రెండున్నర కిలోలు పెరిగాడు.

"ఏం పెడుతున్నారు?"

"మీరు చెప్పినట్టే మేడమ్" అన్నాడు బావమరిది. "గింజలు రెండు వందలు, కొవ్వు లేని మాంసం నూట యాభై."

ఆయన చివ్వున తలెత్తాడు. "ఈమె ఎప్పుడు చెప్పింది?"

"వీరు నెలన్నర కిందట దీన్ని తీసుకుని వచ్చారు" అంది డాక్టరమ్మ. "రెండూ కలిపి పెట్టేటప్పుడు ఎంతెంత అని అడిగారు. సంచి మీద ఇరవై ఎనిమిది, మాంసంలో ఇరవై, ఏది ఎక్కువని కూడా అడిగారు. ఆ రెండంకెల్నీ అలా పక్కపక్కన పెట్టకూడదండీ. గింజల్లో నీళ్ళు దాదాపు ఉండవు. మాంసంలో ముప్పాతిక నీళ్ళే. నీళ్ళు తీసేసి చూస్తే మాంసంలోనే రెట్టింపు దాటి ఉంటుంది. అందుకే మాంసం పెడితే గింజలు తగ్గించమన్నాను. మూడు వందల గ్రాముల గింజల్లో ఎంత ప్రోటీన్ ఉందో, దీంట్లోనూ అంతే వస్తుంది. దానికి ఇంత బరువు పెరగదు. ఈ బరువూ, ఈ వాంతులూ కొవ్వు వల్లే. ఇంకెవరో ఏదో పెడుతున్నారు."

భార్య తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఆ ఇద్దరూ తన వైపు తిరక్కముందే చెప్పేయాలనుకున్నాడు ఆయన. కానీ తిరిగాకే చెప్పాడు.

"నేనే. మధ్యాహ్నం పూట. కొవ్వు ముక్కలు, కార్జం."

"ఎంత?"

"పావుకిలో. ఒక్కోరోజు ఇంకా ఎక్కువ."

డాక్టరమ్మ రాసుకుంది. తిట్టలేదు. రెండ్రోజులు సెలైన్ పెట్టి ఇక్కడే ఉంచాలంది.

బయట బెంచీ మీద బావాబావమరుదులిద్దరే మిగిలారు. భార్య మందులకి వెళ్ళింది.

"నాకు ముందే చెప్పొచ్చుగా, డాక్టర్ని అడిగానని" అన్నాడు ఆయన.

"సంచి తెచ్చి చూపించావు కదా బావా. నువ్వన్నది తప్పని చెప్తే నొచ్చుకుంటావని అక్క వద్దంది." దుప్పటి మడత పెడుతూ అన్నాడు. "ఆ ఇంట్లో నేనొచ్చానని లేచేది వాడొక్కడే. అందుకని ఆశ పడ్డాను. నీ కుక్కని లాక్కుందామని కాదు."

నాలుగు నెలలుగా ఇతను రోజూ ఐదున్నరకి గుమ్మం ఎక్కాడు. తను ఒక్కరోజైనా భూతద్దం తీసి "వచ్చావా" అనలేదు.

"పొద్దున నిన్నన్నది తప్పే" అన్నాడు చివరికి.

"పర్లేదులే బావా."

పర్లేదన్నాడు కానీ, దొర ఇంటికొచ్చాక పదిహేను రోజులకి అతను రెండు వీధుల అవతల గది చూసుకున్నాడు. ఆయన వద్దని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పడానికి మొహం చెల్లలేదు. సామాన్లు మాత్రం తనే మోసాడు.

డాక్టరమ్మ సరేనన్నాక, పెట్టే విధానం ఖరారైంది. పొద్దున గింజలు ఆయన వంతు. సాయంత్రం మాంసం బావమరిది పని నుంచి వచ్చేటప్పుడు తెస్తాడు, వాచీలాయన త్రాసు మీద తూస్తాడు, ఇద్దరూ కలిసి గిన్నెలో వేస్తారు. మధ్యాహ్నం పొట్లం మళ్ళీ తేలేదు. దొర బరువు తగ్గాడు, మెట్లు మళ్ళీ ఒక్క ఉరుకున ఎక్కుతున్నాడు.

అయినా ఐదుంపావుకి లేస్తాడు. గుమ్మంలో ఆ కూర్చోవడం చూసినప్పుడల్లా ఆయనకి ఇప్పటికీ చురుక్కుమంటుంది. కిందటివారం బావమరిది జ్వరమొచ్చి రాలేదు. ఆరు దాకా దొర గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన కాసేపు బల్ల దగ్గరే తచ్చాడి, కొట్టు తలుపు దగ్గరికి వేసి, మెడపట్టీకి తాడు తగిలించాడు.

"పద, చూసొద్దాం" అన్నాడు. దొర దారి పొడుగునా ఆయన్ని ఈడ్చుకుంటూనే వెళ్ళాడు.