కుట్టు లోపలి గుడ్డ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు. ఉంటే ఉండనీ, ఈసారి మాత్రం తప్పు మా ఆయనది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "అమ్మ చర్మకణాలు విచిత్రంగా ఉన్నాయండీ, ఇంకా పెరుగుతూనే ఉన్నాయి" అని ల్యాబు నుంచి రాగానే ఒక్క మాటన్నాను. తెల్లారేసరికి అది అమ్మ చెవిన పడింది.

అమ్మ దర్జీ. ఎనభై దాటాయి. నా పనేమో కణాలు పెంచడం. మనిషి చర్మకణాన్ని డిష్షులో పెట్టి పోషకద్రవం పోస్తే అది రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి, అలా కొన్నాళ్ళు సాగి ఆగిపోతాయి. అమ్మ చేతి మీంచి గోరంత చర్మం తీసి పెంచితే, అవి మాత్రం ఆగనంటున్నాయి.

"నాకిక వయసు పెరగదట!" అని అమ్మ తన దర్జీ కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంది. చెప్పుకుంటే చెప్పుకుంది, చెల్లికిస్తానన్న కత్తెర ఇవ్వనంది. ఆ కొట్టులో మొదట్నుంచీ ఒకటే పద్ధతి, గుడ్డ మీద కత్తెర పెట్టేది ఒక్కరే. నలభై దాటినా చెల్లికి గుండీలూ ఇస్త్రీ తప్ప ఇంకేం దక్కలేదు. చేతులు వణుకుతున్నాయి, ఈ నెలతో నీకిచ్చేస్తానని అమ్మే అంది. ఇప్పుడేమో "తొందరేముందే?" అంటోంది.

చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, ఇంకో కొట్టువాళ్ళు నాకు కటింగ్ పనిస్తామన్నారు. సోమవారం చేరిపోతా. అమ్మని వదలాలని నాకేమైనా సరదానా? ఇలాగే ఉంటే ఒక్క చొక్కా అయినా కత్తిరించకుండానే నా చేతులూ వణుకుతాయి."

ఎనభై ఏళ్ళ కణాలకి అలుపు లేకపోవడమేమిటి, నా మొహం! అవి ఎవరివో తేల్చే పరీక్షకి నేనప్పటికే పంపాను. మర్నాడు ఫలితం వచ్చింది. అవి అమ్మవి కావు. ఎవరిదో క్యాన్సర్ గడ్డలోవి.

ఆ కణాలూ మా ల్యాబులో పెరుగుతాయి, వాటికి ఆగడం తెలీదు. అందుకే అన్నిటికన్నా చివర వాటిని ముట్టుకోవాలి, వాటి ద్రవం సీసా ఇంకోదానికి వాడకూడదు. నా అసిస్టెంటు భోజనం తొందరలో ముందు వాటినే చూసి, అదే సీసా అమ్మ కణాలకీ వాడేసింది. చుక్కలో వచ్చినవి డిష్షంతా ఆక్రమించేశాయి. నేను ల్యాబు అదిరేలా అరిచాను. ఆవిడ ఏడిస్తే మళ్ళీ నేనే టీ ఇప్పించాను.

సాయంత్రం కొట్టుకెళ్ళాను. బల్ల మీద కోటుగుడ్డ పరిచి ఉంది. అమ్మ చేతిలో కత్తెర సుద్దగీత మీద నిలవడం లేదు. చెల్లి తలెత్తకుండా ఇస్త్రీ చేస్తోంది.

జరిగింది చెప్పాను.

"మరి నావేమయ్యాయే?" అంది అమ్మ.

"ఆగిపోయాయమ్మా. అందరివీ ఆగుతాయి."

"ఎందుకాగాలి?" గొంతు చిన్నబోయింది. అయినా అబద్ధం చెప్పడం నావల్ల కాదు. కొక్కేనికున్న పాత కోటు తీసి కుట్టు తిరగేశాను.

"దీన్ని ఎంతవరకు వదులు చేస్తావు?"

"లోపల గుడ్డ ఉన్నంతవరకు."

"కణంలోనూ సన్నటి పోగులుంటాయి, వాటి కొసన అలాగే కాస్త వదిలి ఉంటుంది. రెండైన ప్రతిసారీ అందులో కొంచెం తరుగుతుంది. అదయిపోతే ఇక రెండవదు. ముసలితనానికి ఇంకా బోలెడు కారణాలున్నాయిలే, ఇదొకటి."

"ఆ ఆగనివో?"

"తరిగిందల్లా మళ్ళీ అతికించుకుంటూ పోతాయి. అదే వాటి రోగం."

అమ్మ పకపకా నవ్వింది. "ఓసినీ! ఇన్నాళ్ళూ క్యాన్సర్ని చూసుకునా నేను మురిసిపోయింది?" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇలా రావే చిన్నదానా."

చెల్లి చేతులు తుడుచుకుని వచ్చి కత్తెర అందుకుంది. గీత మీద పెట్టిందో లేదో, "ఆగు!" అంది అమ్మ. అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చాం అనుకున్నాను.

అమ్మ సుద్ద తీసి, గీతకి బయటగా ఇంకో గీత గీసింది. అది కాస్త వంకరగా వచ్చింది.

"లోపల ఇంకొంచెం గుడ్డ ఉంచు. ఈ కోటు నాకన్నా ఎక్కువ కాలం ఉండాలి."

చెల్లి ఆ వంకరని సరిచేసుకుంటూ కత్తిరించింది. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడింది.