నమూనా పాఠం

“పిల్లవాడు తరగతిలో ఏడుస్తుంటే ఉపాధ్యాయుడు ముందుగా ఏం చెయ్యాలి?” భర్త ప్రశ్నల పుస్తకం చూసి అడిగాడు.

“రెండోది. దగ్గరికి తీసుకోవాలి,” చీర ఇస్త్రీ చేస్తూనే చెప్పింది ఆమె.

“మూడోదిట. కారణం విశ్లేషించాలిట.”

“ఈ పుస్తకం రాసినాయనకు పిల్లల్లేరు కాబోలు.”

“ఆయనతో పోట్లాడకే తల్లీ, మార్కు పోతుంది.”

అర్హత పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పింది. అది గట్టెక్కేదాకా ఏదో ఒక ప్రైవేటు బడిలో కుదురుకోవాలి. ఇవాళ ఒకచోట నమూనా పాఠానికి రమ్మన్నారు. ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని, రాత్రి కత్తిరించిన అట్ట గడియారం సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

గడియారం పాఠమే చెప్పమని ముందే అన్నది ప్రిన్సిపాల్. నచ్చితే రేపే చేరమంది. మూడో తరగతికి ఒక పీరియడన్నది మూడు పీరియడ్లయింది. చూడటానికి ఎవరూ రాలేదు. గొంతు బొంగురుపోయింది. సుద్దముక్క అరిగిపోతే ఇంకోటి ఉందేమోనని బీరువా తెరిచింది.

లోపల అట్ట గడియారాలు. ఒకదాని ముళ్ళకు చొక్కా గుండీ, ఇంకోదానికి సీసా మూత. ఒకరెవరో అంకెల చుట్టూ ఓపిగ్గా పువ్వులు గీశారు.

“ఇవెవరివిరా?”

“ముందొచ్చిన టీచర్లవి,” అన్నాడు ముందుపళ్ళు ఊడిన పిల్లవాడు. “మా టీచర్‌కి పాప పుట్టింది. ఆవిడొచ్చేదాకా రోజుకో టీచర్. అందరూ గడియారమే చెబుతారు. మాకెప్పుడో వచ్చేసింది టీచర్!”

తరగతంతా గొల్లున నవ్వింది. ఆమె సంచి తీసుకుంది. తిన్నగా ఆఫీసు గదికి నడిచింది.

“మేడమ్, ఆ టీచరు మానేసిందా, సెలవులో ఉందా?”

“అదంతా మీకెందుకమ్మా? సాయంత్రం దాకా చెప్పండి. మీ పేరు దృష్టిలో పెట్టుకుంటాం.”

“బీరువాలో ఉన్నవాళ్ళ పేర్లూ దృష్టిలోనే ఉన్నాయా? గోడకు సున్నం వేసినవాడికి కూలి ఎగ్గొడతారా మీరు? మా నోరు మాత్రం ఊరికే వచ్చిందా?”

“అనుభవం లేకపోయినా పొగరు మాత్రం బాగానే ఉంది.”

ప్రిన్సిపాల్ తల వెనక దేవుడి పటం, ముందు చిన్న ఎర్రదీపం. పొద్దున తాను మొక్కిందీ ఆ దేవుడికే. ఇద్దరి మొక్కులూ ఆయన ఎలా వింటున్నాడో ఆమెకు అంతుబట్టలేదు. ఇంకేమైనా అంటే ఏడుపొస్తుందని బయటికి వచ్చేసింది.

వరండాలో బెంచీ మీద ఒకమ్మాయి ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె వెళ్ళి పక్కన కూలబడింది. అన్నం డబ్బా తీసి పక్కన పెట్టి, తన సంచి సర్దుకుంటూ చెప్పింది.

“నమూనా పాఠానికేనా? వెళ్ళిపో అమ్మాయీ. ఇక్కడ ఉద్యోగం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎక్కడికెళ్ళినా ముందు ఖాళీ ఉందో లేదో అడుగు. తర్వాతే నోరు విప్పు.”

“తెలుసక్కా,” అంది ఆ అమ్మాయి మెల్లగా. “కిందటి వారం రెండో తరగతికి చెప్పాను.”

“తెలిసీ మళ్ళీ వచ్చావా!”

“అందరూ అనుభవం అడుగుతున్నారు. ఇంకెక్కడ తెచ్చుకోను?”

లోపల గంట మోగింది. ఆ అమ్మాయి లేచి, కొంగు సర్దుకుని, మూడో తరగతివైపు వెళ్ళింది. ఎవరిని తిట్టాలో తెలియక ఆమె సంచి భుజాన వేసుకుని లేచింది. తర్వాత గేటు దాటి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

బెంచీ మీద ఆమె మధ్యాహ్నం తిందామని తెచ్చుకున్న డబ్బా, మూతకు రబ్బరుబ్యాండుతో బిగించిన చెంచాతో, అలాగే ఉంది.